మగపిల్లల వరసలో

బార్న్ డాన్స్ అనే ఆటలో నాకు ఇప్పటికీ మగవాళ్ళ అడుగులే వచ్చు. ఆడవాళ్ళ అడుగులు నేర్చుకునే వీలు ఒకే ఒకసారి వచ్చింది. దాన్ని నా అతితెలివి మింగేసింది.

అప్పుడు మేము సిడ్నీలో, పెండిల్ హిల్ స్టేషనుకు దగ్గర్లో, ఎర్ర ఇటుకల ఫ్లాట్లలో పై అంతస్తులో ఉండేవాళ్ళం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. ఆ హడలే మాకు వీసా ఇప్పించింది. నాన్న ఒక ఆఫీసులో పాత ప్రోగ్రాములు బాగుచేసే పనిలో చేరి, ఆదివారాలు కూడా మాకు దక్కకుండా పోయాడు. గుంటూరులో పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన నన్ను అక్కడి స్కూలువాళ్ళు మళ్ళీ పదో తరగతిలోనే కూర్చోబెట్టారు. చదివిన పాఠాలే మళ్ళీ చదవడం ఏముంది, చదివేయొచ్చు. లంచ్ బెల్లు కొట్టాక ఎక్కడ కూర్చోవాలో తెలియకపోవడమే నాకు పెద్ద కష్టంగా ఉండేది.

ఎవరూ నన్ను ఏడిపించలేదు. ఏడిపించినా బాగుండేదేమో, కనీసం ఆ కాసేపైనా నా దగ్గర నిలబడేవాళ్ళు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ నవ్వుతూ "హౌ ఆర్ యూ?" అనేవాళ్ళు. నేను జవాబు కూడదీసుకునేలోగా నాలుగడుగులు ముందుకు వెళ్ళిపోయేవాళ్ళు. అది ఉత్త పలకరింపేనని, దానికి జవాబు ఎవరికీ అక్కర్లేదని తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. తెలిశాక ఇంకా దిగులేసింది.

అక్కడ వసంతం సెప్టెంబరులో వస్తుంది. మాగ్‌పై పిట్టలు గూళ్ళు పెట్టుకుని, దారిన పోయేవాళ్ళ నెత్తిన తన్నే కాలం అది. ఆ కాలంలోనే మా తరగతికి ఫార్మల్ పిచ్చి పట్టింది. ఫార్మల్ అంటే సంవత్సరం చివర పిల్లలంతా సూట్లూ గౌన్లూ వేసుకుని, ఒక హాల్లో భోంచేసి డాన్సు చేసే సాయంత్రం. అందరూ కలిసి ఆడేది కూడా ఒకటి ఉండాలని ఆటల టీచరు మాకు బార్న్ డాన్స్ నేర్పడం మొదలుపెట్టింది.

అమ్మాయిలు లోపల ఒక వలయంగా, అబ్బాయిలు బయట ఒక వలయంగా నిలబడాలి. జంటగా చేతులు పట్టుకుని కాసేపు ఆడాక, అమ్మాయి ఆ చెయ్యి వదిలేసి ముందున్న అబ్బాయి దగ్గరికి వెళ్ళాలి. వలయం తిరిగొచ్చేసరికి అందరూ అందరితో ఆడినట్టే. మా తరగతిలో అబ్బాయిలు తక్కువ. వాళ్ళ వరసలోకి ఎవరైనా అమ్మాయిలు వస్తారా అని అడుగుతూ టీచరు ఒక ఆకుపచ్చ బిబ్ పైకెత్తింది. ఆటల్లో ఎవరే జట్టో తెలియడానికి చొక్కా మీద తొడుక్కునే చేతుల్లేని గుడ్డ అది. ఎవరూ కదల్లేదు. నేను మాత్రం గబుక్కున చెయ్యెత్తాను. మగపిల్లల చేతులు పట్టుకున్నానని కింద ఫ్లాట్లో ఉండే తెలుగు ఆంటీకి తెలిసిందంటే, చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ తెలిసినట్టే. లోకులు కాకులు, సముద్రాలు దాటినా కాకులు కాకులే. బిబ్ వేసుకుంటే పామూ చస్తుంది, కర్రా విరగదు అనుకున్నాను.

ఆ పీరియడు నాకు వారానికోసారి వచ్చే పండగైంది. అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు నా దగ్గరికి వచ్చి చెయ్యి అందించేవాళ్ళు. ఒకమ్మాయి వేళ్ళకి ఎప్పుడూ నారింజ తొక్క వాసన వచ్చేది. ఎర్రజుట్టు అమ్మాయి ఒకతి, నేను అబ్బాయిల కంటే నయమని, కాళ్ళు తొక్కనని మెచ్చుకుంది. ఆ ఒక్క మాటని ఇంటికి తీసుకెళ్ళి వారమంతా నెమరేసుకున్నాను. ఫార్మల్ నాడు ఆ అమ్మాయి నన్ను తన బల్ల దగ్గరికి పిలుస్తుందని, మర్నాటినించీ లంచ్ బెల్లుకి నాకూ ఒక చోటు ఉంటుందని మనసులో ఖాయం చేసుకున్నాను.

ఇంట్లో నాన్న ఒప్పుకోలేదు.

"స్కూలుకి పంపించేది చదువుకోడానికా, డాన్సులాడ్డానికా? మగపిల్లలతో చేతులు పట్టుకుని... నాన్సెన్స్!"

"నేను వాళ్ళ చేతులు పట్టుకోను నాన్నా. నేనే మగపిల్లాణ్ణి," అన్నాను.

ఈ జవాబు నాన్నకి ఏ ప్రోగ్రాములోనూ తగల్లేదు. అయోమయంగా అమ్మ వైపు చూశాడు.

"పోనివ్వండీ," అంది అమ్మ. "వచ్చి ఏడాది కావస్తోంది. దాని నోట్లోంచి ఒక్క ఫ్రెండు ఊసన్నా విన్నారా మీరు? ఇంట్లో నేనొక్కదాన్ని గోడలు చూసుకుంటన్నా చాల్దా?"

అమ్మ పగలంతా ఒక్కతే ఉండేది. టీవీ ముందు కూర్చుని ఇంగ్లీషు ముక్కలు పైకి అనుకుంటూ ఉండేది. కొనాల్సిందేమీ లేకపోయినా, నలుగురి మాటలు వినపడతాయని ఇండియన్ షాపుకి వెళ్ళి పప్పుల దగ్గర నిలబడి వచ్చేది. చివరికి నాన్న మెత్తబడ్డాడు. అమ్మ తన నీలం జార్జెట్ చీర తీసి కింద ఆంటీ చేత నాకు పొడుగు గౌను కుట్టించింది.

హాల్లో నాకు టీచర్ల బల్ల దగ్గర చోటు దొరికింది. మిగతా బల్లలు ఎప్పుడో నిండిపోయాయి. ఎర్రజుట్టు అమ్మాయి దూరం నుంచి చెయ్యూపింది. ఫరవాలేదు, డాన్సు ఉందిగా అనుకున్నాను. బార్న్ డాన్స్ పాట మొదలవగానే లేచి వెళ్ళి, అలవాటు కొద్దీ బయటి వలయంలో నిలబడ్డాను. పక్కనున్న అబ్బాయి నేను తప్పు వైపు ఉన్నానని చాలా మర్యాదగా చెప్పాడు. నిజమే. చాలామంది అమ్మాయిలు వేరే స్కూళ్ళ నుంచి అబ్బాయిల్ని జోడీగా తెచ్చుకున్నారు. ఆ రోజు మగపిల్లల వరసకి ఏ లోటూ లేదు.

లోపలి వలయంలోకి వెళ్ళాను. ఎదుటి అబ్బాయి కుడికాలు వేస్తే నేనూ అటే వేసి అతన్ని గుద్దుకున్నాను. వెనక్కి నడవాల్సిన చోట ముందుకు నడిచాను. నా వెనకున్న అమ్మాయి వచ్చి నా మీద పడింది. వలయం నా దగ్గర ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు, నవ్వారంతే. దాహంగా ఉందని చెప్పి పక్కకి తప్పుకున్నాను. నేను బయటికి రాగానే వలయం మళ్ళీ చక్కగా తిరగసాగింది. నారింజ తొక్క అమ్మాయి, ఎర్రజుట్టు అమ్మాయి, ఇన్నాళ్ళూ నా చెయ్యి పట్టుకున్న వాళ్ళందరూ నా ముందు నుంచే వెళ్ళారు. బిబ్ ఎవరు వేసుకున్నా వాళ్ళు అలాగే చెయ్యి అందించేవాళ్ళని అప్పుడు నాకు అర్థమైంది. దాహమని తెచ్చుకున్న జ్యూసు తాగకుండానే బల్ల మీద పెట్టేశాను.

కారెక్కగానే నాన్న ఎలా జరిగిందని అడిగాడు. బాగా జరిగిందన్నాను.

మర్నాడు శనివారమైనా నాన్న ఆఫీసుకి వెళ్ళాడు. అమ్మ పెసరట్లు పోస్తూ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఎవరితో ఆడావే?"

"అందరితో."

"నిజంగా? ఏదీ, నాకూ చూపించు." స్టవ్ ఆపేసి, చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి నిలబడింది.

చెయ్యి అందుకున్నాను. నాకు వచ్చినవి మగపిల్లల అడుగులు కాబట్టి, అమ్మకి మిగిలినవి అమ్మాయిల అడుగులు. ఒక్కసారి చెబితే పట్టేసింది. వంటింటి గచ్చు మీద మా ఇద్దరి కాళ్ళూ ఎక్కడా తడబడలేదు. అమ్మ పగలబడి నవ్వింది. అంత నవ్వు నేను ఆ దేశం వెళ్ళాక వినలేదు.

"ఇప్పుడు నన్నొదిలేసి ముందుకెళ్ళాలమ్మా, తర్వాత మనిషి దగ్గరికి."

అమ్మ నా చెయ్యి వదిలి ముందుకెళ్ళింది. అక్కడ ఫ్రిజ్ ఉంది. చెయ్యి చాచి దాని ముందు నిలబడిపోయింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"రాత్రి నీక్కూడా ఇంతేనటే?"

అమ్మ బల్ల చుట్టూ తిరిగి మళ్ళీ నా ఎదుటికి వచ్చింది. కొంగు సర్దుకుని, ఎవరో కొత్త మనిషిలా చెయ్యి చాచి, టీవీ ముందు ఎన్నాళ్ళ నుంచో నేర్చుకుంటూ ఎవరితోనూ అనే వీల్లేకపోయిన మాట అంది.

"హలో. హౌ ఆర్ యూ?"

అని, కదలకుండా జవాబు కోసం నిలబడింది.

"బాలేదమ్మా," అన్నాను.