చిక్కుడు పాదు మీద మందు

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద చిక్కుడు పాదు పెట్టింది మా నాన్న. అమ్మ పోయాక గుంటూరు వైపు పొలాన్ని కౌలుకిచ్చి నా దగ్గరికి వచ్చేశారు. ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాదు.

కాయలు దిగే వేళకు పాదునిండా కంపు నల్లులు పట్టాయి. వీపు మీద చిన్న డాలు బోర్లించినట్టుండే ఆకుపచ్చ పురుగులు. ముట్టుకుంటే భరించలేని కంపు. లేత కాయలోకి సూదిలాంటి నోరు గుచ్చి రసం పీల్చేస్తాయి. కాయ వంకర తిరిగి, లోపల గింజ తాలుపోతుంది.

పొద్దున్నే చల్లపూట అవి చురుగ్గా కదల్లేవు. అప్పుడు సబ్బునీళ్ల బకెట్‌లోకి దులిపి, ఆకుల అడుగున ఉన్న గుడ్లు చిదిపేస్తే చాలని ఎక్కడో చదివి నాన్నకు చెప్పాను. ఆయనకు చిర్రెత్తింది.

"నల్లుల్ని ఏరుకుంటా కూర్చుంటే పంట చేతికొచ్చినట్టే! ఒక్కసారి మందు కొడితే తెల్లారేసరికి రాలిపోతయ్."

"పిల్ల ఆ పాదు కిందే ఆడుకుంటుంది, పచ్చికాయలు కొరుకుతుంది. మందు మాట ఎత్తొద్దు నాన్నా."

"జన్మంతా ఈ చేత్తోనే కలిపా. నాకేమైందే?"

నాకు ఒళ్లు మండింది. ఆయన మొండి, నేను ఆయన కూతుర్ని. రెండు రోజులు మాటల్లేవు.

ఆదివారం నేను కూకట్‌పల్లి వెళ్లి తిరిగొచ్చేసరికి మెట్ల మీద మందు వాసన. నాలుగేళ్ల నా కూతుర్ని ఎత్తుకుని నాన్న పరుగున దిగుతున్నారు. దాని చేతిలో సగం కొరికిన చిక్కుడుకాయ.

"నిద్దరపోతందిగా అని కొట్టానమ్మా. చేతులు కడుక్కునేలోపు ఎప్పుడొచ్చిందో చూళ్లేదు" అన్నారు.

ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. సాయంత్రం దాకా పిల్లను పడుకోబెట్టి చూశారు.

"ఫికర్ చేయకండి, పాపకేం కాలే. ఇగ ఇంటికి తీస్కపోవచ్చు" అంది డాక్టరమ్మ. నేను ఏడ్చేశాను.

నాన్న మాత్రం కదల్లేదు. ఆ మందు ఒంట్లోకి పోతే ఎట్టా ఉంటుందో చెప్పమని ఆమెను అడిగారు. వాంతులు, తలనొప్పి, చెమటలు, చూపు మసకబారడం అని ఆమె చెప్పింది. ఆయన తలూపి, బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డారు. నేను పిల్లను భుజాన వేసుకుని పక్కన కూర్చున్నాను.

"నేను మందు కొట్టిన చేలో మీ అమ్మ మర్నాడే కలుపు తీసేది" అన్నారు. "ఇయ్యే వాంతులు, ఇయ్యే చెమటలు. వడదెబ్బనుకుని మజ్జిగ తాగించి, మళ్లీ చేలోకి పంపేవాణ్ణి."