తాళం వేసిన ఇంట్లో తడి మట్టి

నేను నడుం వంచి నీళ్ళు పోయలేనని, మా కోడలు ఊరికి వెళ్తూ బాల్కనీలో కుండీలన్నిటికీ సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు అమర్చి, వేళకు దానంతటదే నీళ్ళు వదిలే చిన్న యంత్రాన్ని కుళాయికి బిగించి వెళ్ళింది. నిన్న సాయంత్రం అది టిక్కుమనగానే, పగలంతా ఎండకు కాగిన మట్టిలోంచి లేచిన వాసనకు ఈ ఏ.ఎస్. రావు నగర్ ఫ్లాటు మరిచిపోయి, సికింద్రాబాదు చిలకలగూడలో మేము అద్దెకున్న పెంకుటింటి వసారాలోకి వెళ్ళిపోయాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్న మిషను బడిలో లెక్కల మాస్టారు. పెళ్ళయ్యాక బెజవాడ నుంచి ఆయన వెంట వచ్చిన అమ్మకు ఈ ఊరి చలీ, ఈ ఊరి మాటా చాలాకాలం అలవాటు కాలేదట. చర్చిలో పరిచయమైన ఒక్కొక్కరి దగ్గరా ఒక్కొక్క కొమ్మ అడిగి తెచ్చుకుని పాత బాల్చీల్లో, కిరసనాయిలు డబ్బాల్లో, అంచు విరిగిన కుండల్లో నాటి, క్రోటన్లు, ఫెర్నులు, మరువం, చామంతులతో వసారా అంతా నింపేసింది. క్రిస్మస్ దగ్గర పడి, గులాబీపువ్వుల పిండివంట వాసన ఇంటి నిండా కమ్ముకున్నప్పుడు ఆ డబ్బాలకు ఎర్రజాజు పూసి, బండిలో చర్చికి పంపించేది. ప్రసంగ వేదిక మెట్ల మీద అవి వరసగా నిలబడితే అందరూ ఆగి చూసేవాళ్ళు. ఆ ఒక్కరోజు అమ్మ ఈ ఊరి మనిషి అయిపోయేది.

మా వీధికి అప్పటికింకా నల్లా రాలేదు. తోలుసంచి వీపున వేసుకుని ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోసే భిస్తీ ఇమాం సాబ్ రోజూ తెల్లవారుతూనే వచ్చేవాడు. సగం నెరిసిన గడ్డం, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ, నడుస్తుంటే వెనకాల సన్నగా నీటి చుక్కల దారి. సంచి మూతిని గుప్పిట్లో బిగించి వదులుతూ, ఒక్క చుక్క కింద పడకుండా బిందె నింపేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఆ ఏడు వేసవి చివర బెజవాడలో పిన్ని పెళ్ళి కుదిరింది. పది రోజుల ప్రయాణం. మొక్కలకు ఎలాగని అమ్మ రెండు రాత్రులు ఆలోచించి, చివరికి వసారా మధ్యలో ఎత్తుపీట మీద పెద్ద మట్టి గోలెం పెట్టింది. నాన్న పాత పంచెను పేలికలుగా చింపి, వత్తుల్లా పురి పెట్టి, ఒక కొస గోలెం అడుగుకు దించి, రెండో కొస ఒక్కొక్క డబ్బా మట్టిలో గుచ్చి పైన గులకరాయి పెట్టింది. నేను గోలెం పక్కనే కూర్చుని చూశాను. పొడిగుడ్డ మీద తడి మెల్లగా పైకి ఎగబాకి, అంచు దాటి, అవతలికి దిగి, మట్టి మీద నల్లటి మచ్చలా విచ్చుకుంది. నీళ్ళు పైకి నడుస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. పది రోజులు రావద్దని ఇమాం సాబ్‌కు చెప్పి, వసారా చెక్క జాలీ తలుపుకు తాళం వేసి బయల్దేరాం.

పెళ్ళయిన నాలుగో రోజుకే నైజాం సరిహద్దులో గొడవలు ముదిరాయని, రైళ్ళ సంగతి ఏమీ చెప్పలేమని కబురు వచ్చింది. పిల్లల్ని తీసుకుని ఇప్పుడు కదలొద్దని తాతయ్య పట్టుబట్టాడు. పది రోజులు నెలయింది, నెల నాలుగు నెలలయింది. నాకేం, ముంజలూ మామిడిపళ్ళూ అయిపోయాక వానలు, పెద్దమ్మ పిల్లలతో చింతపిక్కలాట, నాలుగు నెలలూ పండగే. అమ్మ మాత్రం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. మొక్కలన్నీ ఎండిపోయాక, చర్చిలో కొమ్మలిచ్చినవాళ్ళ మొహాలు ఎలా చూడనని ఒకసారి అమ్మమ్మతో అంటుంటే విన్నాను.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం హైదరాబాదులోకి వెళ్ళింది. మరి రెండు వారాలకు మేము సికింద్రాబాదులో రైలు దిగాం. దారిలో మూసిన కొట్లు, గొంతు తగ్గించి మాట్లాడుకునే మనుషులు.

తాళం వేసింది వేసినట్టే ఉంది. నాన్న తలుపు తెరిచాడు. లోపలి నుంచి తడి మట్టి వాసన వచ్చింది. ఫెర్నులు డబ్బాలు కనబడనంతగా గుబురెక్కి ఉన్నాయి, చామంతులు మొగ్గ తొడిగాయి, గోలెం అంచుదాకా నిండి ఉంది. వసారా పైన పెంకులు చెక్కుచెదరలేదు, ఒక్క వాన చుక్క పడే దారి లేదు. అమ్మ గోలెంలో చెయ్యి ముంచి, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఆదివారపు బడిలో చెప్పే అద్భుతాల్లో ఒకటి మా ఇంట్లో జరిగిందని నేను గట్టిగా నమ్మాను.

మర్నాడు తెల్లవారుతుండగా నీళ్ళ చప్పుడుకు మెలకువ వచ్చి వసారాలోకి వెళ్ళాను. జాలీ కంతలోంచి తోలుసంచి మూతి ఒకటి లోపలికి వచ్చి ఉంది. అందులోంచి నీటిధార వంపు తిరిగి, పది డబ్బాల మీదుగా దాటి, సరిగ్గా గోలెంలో పడుతోంది. నా వెనకే వచ్చిన అమ్మ తలుపు తీసింది. ఇమాం సాబ్ ఉలిక్కిపడి సంచి మూతి బిగించాడు. గడ్డం పూర్తిగా తెల్లబడిపోయింది, మనిషి సగమయ్యాడు.

"ఇన్నాళ్ళూ నువ్వేనా సాయిబూ? నిన్నెవరు పొయ్యమన్నారు?" అని అమ్మ అడిగింది.

ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"నువ్వే పది దినాలు రావద్దంటివి గదమ్మా. పదకొండో దినం నుంచి నా పనే గద."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మిగిలిన నీళ్ళు మా బిందెలో పోసి, ఎప్పటిలాగే పక్కింటికి వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకు నాన్న బయట విని వచ్చి చెప్పాడు. ఆ గొడవల రోజుల్లో బీదరు దగ్గర సొంతూరికి వెళ్ళిన ఇమాం సాబ్ పెద్దకొడుకు తిరిగి రాలేదట. వీధిలో జనం తలుపులు తీయని ఆ వారాల్లో కూడా ఆయన తెల్లవారుతూనే వచ్చి మా జాలీ దగ్గర నిలబడడం ఎదురింటివాళ్ళు చూశారట. ఆ కొడుకు తర్వాత కూడా రాలేదు. ఆయన మా ఇంట్లో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, అమ్మకు అడగడానికి నోరు రాలేదు.

మరి మూడేళ్ళకు మా వీధికి నల్లా వచ్చింది, ఆయన రావడం మానేశాడు. ఇప్పుడా పెంకుటిళ్ళు లేవు, ఊరు మొత్తంలో ఒక్క భిస్తీ లేడు, ఆ పేరు చెప్తే మా మనవలకు అర్థం కాదు. అంతకాలం మా ఇంటికి వచ్చిన మనిషి ఇంటికి మేమెవరం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆయన వాకిట్లో ఒక్క మొక్కయినా ఉండేదో లేదో నాకు తెలియదు.