ఇరవై మీటర్లు ఎత్తే మోటర్

పాసయ్యాను! మాస్టర్స్ పూర్తయింది, థీసిస్‌కు మంచి మార్కులే వచ్చాయి, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. యూనివర్సిటీ మెయిల్ మూడుసార్లు చదివి, గదిలో కాళ్లు నిలవక ఫోన్ పట్టుకుని కిందికి దిగాను. పోస్ట్ డబ్బాలో హార్డ్‌వేర్ షాపువాళ్ల రంగుల కాగితం ఉంది. మొదటి పేజీ నిండా నీళ్లలో ముంచే మోటర్లు. మంచినీళ్లకు ఒక వరుస, మురికినీళ్లకు ఒక వరుస. నాన్న నంబరు మీద పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది.

రెండేళ్ల కిందటి మాట, కరోనా రెండో ఏడు. నా చదువు జర్మనీలో, పాడర్‌బోర్న్ ఊళ్లో, క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో. అందుకని కొలోన్ శివార్లలో ఒక ఇంటి కెల్లర్‌లో, అంటే నేలకింది గదిలో ఉండేదాన్ని. పైన మా జిల్లా నుంచే వచ్చిన ఒకాయన, అన్నా అని పిలిచేదాన్ని, భార్యతో, చిన్న కూతురితో ఉండేవాడు. ఇంటి కాంట్రాక్ట్ ఆయన పేరు మీదే ఉంది. నన్ను ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చిందీ, అన్మెల్డుంగ్‌కు, అంటే చిరునామా నమోదుకు, ఆఫీసు దాకా తోడొచ్చిందీ ఆయనే. ఆదివారం ఆదివారం పైనుంచి పప్పుగిన్నె దిగేది. పరాయి దేశంలో మన జిల్లా అనే మాట వింటే చాలు, తాళంచెవి చేతిలో పెట్టేస్తాం.

ఆ గదికి ఒకటే కిటికీ. కిటికీ ముందు గుంట, గుంటలో ఎండుటాకులు, కంకర. మంచు కరిగినప్పుడు ఆ గుంట నిండి గదిలోకి చీలమండల దాకా నీళ్లొచ్చాయి. పక్కింట్లో ఉండే ఓనరమ్మ వచ్చి చూసి, మోటర్ పెట్టుకోమనీ, ఇంకోసారి మునిగితే గదికి తాళం వేస్తాననీ చెప్పి వెళ్లింది. ఆ రోజుల్లో కొత్తవాళ్లకు గది చూపించే దిక్కే లేదు.

మా నాన్న బోరుమోటర్లకు వైండింగ్ కట్టే మనిషి. వీడియో కాల్‌లో గుంట చూపించమన్నాడు. చారుగరిటెతో బురద తీసి చూపించాను. ఫోన్ కళ్లకు ఆనించుకుని, నాడి పట్టిన డాక్టర్‌లా చాలాసేపు చూశాడు.

"బిడ్డా, దీంట్ల ఆకులున్నయ్, రాళ్లున్నయ్. మంచినీళ్ల మోటర్ వెడితే బిగుస్తది. కింద గోళీ దూరేంత సందు ఉన్నదే కొను. ఎత్తు సంగతి ఇడిచిపెట్టు, మీది మూడు మీటర్లు లేదు."

షాపుకు పోవాలంటే టెర్మిన్, అంటే ముందే తీసుకున్న టైము కావాలి, అదీ ఒక్కరికే. నాన్న మాటలు కాగితం మీద రాసిస్తే అన్న కారులో వెళ్లాడు. తళతళలాడే స్టీలు మోటరుతో తిరిగొచ్చాడు.

"చెల్లె, ఇది ఇరవై మీటర్లు ఎత్తుతది తెల్సా! మీ నాన్న చెప్పింది చూసిన, ప్లాస్టిక్ డబ్బా. ఏడు మీటర్లకే సల్లవడ్తది."

వందల అడుగుల బోర్లు వేసుకునే ఊళ్లవాళ్లం. ఎంత పైకి ఎత్తితే అంత గొప్ప మోటరని మాకు పుట్టుకతోనే నమ్మకం. కానీ అట్ట మీద మంచినీళ్లకని రాసుంది.

"అన్నా, ఇది మురికినీళ్లది కాదేమో."

"ఆరేండ్ల సంది ఈడ ఉన్న, నాకు తెల్వదా?"

పప్పుగిన్నెలు గుర్తొచ్చి మోటరుకు పైపు తగిలించాను.

వారంలోపే వాన దంచింది. మోటర్ ఐదు నిమిషాలు హాయిగా పాడింది, తర్వాత మూలిగింది, తర్వాత వాసన వచ్చింది. కాలిన వైండింగ్ వాసన. సాయంత్రాలు నాన్న చొక్కాకు ఉండే వాసన. ఒక్క క్షణం ఆయనే గదిలోకి వచ్చాడనిపించింది. లాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని మంచమెక్కాను.

ఓనరమ్మ మెట్ల మీద దూరంగా నిలబడి, ఈ మోటర్ ఎంచింది ఎవరని అడిగింది. అన్న గబగబా జర్మన్‌లో చెప్పాడు. ఈ అమ్మాయే, వాళ్ల నాన్న మోటర్ మెకానిక్, ఆయన చెప్పిందే కొన్నాం. నాకు అర్థం కాదనుకున్నాడు. ఆ గదిలో కూర్చునే నాలుగు నెలలు జర్మన్ నేర్చుకున్నాను, ఒక్క ముక్క పొల్లుపోలేదు. పై మెట్టు మీదినుంచి వాళ్ల పాప, "కాదు! నాన్న కొన్నాడు!" అని జర్మన్‌లోనే అరిచింది. అన్న వంగి, దాని గడ్డం కిందున్న మాస్కును ముక్కు దాకా లాగాడు. వాన చప్పుడులో ఓనరమ్మ విన్నదో లేదో. "అది నిజం కాదు" అనడం మాకు మూడో పాఠంలోనే నేర్పారు. నేను మాత్రం తడిసిన పుస్తకాలు ఏరుకుంటూ ఉండిపోయాను.

మర్నాడే గదికి తాళం పడింది. పాడర్‌బోర్న్‌లో స్నేహితురాలి వంటగదిలో పరుపు పరుచుకున్నాను. అన్న మెసేజ్ పెట్టాడు: "మనసుల వెట్టుకోకు చెల్లె. పెండ్లాం పిల్లలున్నోన్ని." ఆయన భయం నాకు తెలుసు. ఇల్లు పోతుందని. అందుకు మా నాన్న పనితనాన్ని అడ్డం పెట్టాడే, అదొక్కటే మింగుడు పడదు.

కానీ నేను చేసిందేమిటి? గది పోయిందని ఇంటికి చెప్పనేలేదు. నాన్న వారంవారం అడుగుతాడు, "మోటర్ మంచిగ నడుస్తున్నదా బిడ్డా?" "నడుస్తుంది నాన్నా." తను ఎంచిన మోటర్ జర్మనీలో తిరుగుతోందని తన వైండింగ్ షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాడట. ఐదు నిమిషాలు నడిచిన మోటరును రెండేళ్లుగా ఫోన్‌లో నేను నడిపిస్తూనే ఉన్నాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: వంటగదిలో చోటిచ్చిన స్నేహితురాలు. ఊళ్లో చెల్లెలు. నిజం అరిచిన ఆ పాప. దానికి చేయాలంటే అన్న నంబరుకే చేయాలి, కనుక ఇవాళ కాదు. వీళ్లందరికన్నా ముందు నాన్న. పాసయ్యానని ఒక మాట. నువ్వు చెప్పింది మేం కొనలేదని ఇంకో మాట.