సున్నం కింద ఊరేగింపు

మా రేణుక వేసిన బొమ్మను బెంగళూరు ప్రదర్శనలో గోడకు తగిలించారండీ! మా చిన్నమ్మాయి! పొద్దున ఫోను వచ్చినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు... ఇది ఎక్కడ మొదలైందో మీకు చెప్పాలి.

మా చిన్నప్పుడు... రాయచూరు కోట దగ్గర ఒక పాత ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లం. వంటింటి ముందు నడవాలో గోడ నిండా ఒక పెద్ద బొమ్మ. రాజుగారి ఊరేగింపు... ఏనుగులు, గుర్రాలు, గొడుగులు. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. పొయ్యి పొగకు సగం మసిబారింది. మేం పిల్లలం దానికి వీపు ఆనించుకుని అన్నం తినేవాళ్లమే గానీ, ఏనాడూ సరిగా చూసింది లేదు.

ఒకరోజు అదే ఇంట్లో ముందు భాగంలో ఉండే ఓనరు వచ్చి, తన కూతురి పెళ్లి కుదిరింది, వచ్చే వారం ఇల్లంతా సున్నం కొట్టిస్తానన్నాడు. మమ్మల్ని పెంచిన మా మేనత్త నర్సమ్మ, ఆ ఒక్క గోడ వదిలెయ్యమని బతిమాలింది. ఆయన మంచివాడే...

"షాదీ ఇల్లు గదమ్మా, మసి గోడ బెట్టుకొని చుట్టాలను ఎట్ల పిలుస్త?" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రమే అత్త గోడకు అడ్డంగా దుప్పటి కట్టింది. ఒక మూల కొంచెం తెరిచి, నన్నూ మా చెల్లి పద్మనూ ఎదురుగా కూర్చోబెట్టింది. రోజుకు కొంత భాగమే అన్నమాట. నేనేమో ఏనుగులు చూపించమని గోల...

"ఏనుగు యాడికి పోతదిరా? గీ ముసలాయన చేతుల ఏముందో చెప్పు ముందు."

కట్టె అన్నాను.

"మల్ల జూడు."

మళ్లీ చూశాను... చెప్పు! తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఒక్క కాలికే చెప్పుతో ఊరేగింపు చివర నడుస్తున్నాడు. అందరూ రాజును చూస్తుంటే, ఆయన మాత్రం నేలను చూసుకుంటున్నాడు. ఎంత నవ్వామో... నవ్వి నవ్వి, చెల్లి మళ్లీ ఆ ఉత్తి కాలి వైపే చూసింది.

"అత్తా, ఆయనకు కాలు కాల్తదేమో" అంది చెల్లి. అత్త దాన్ని దగ్గరికి తీసుకుంది.

అలా వారమంతా చూశాం. ఏనుగు కంటి చుట్టూ ముడతలు, గొడుగు నీడ ఎటు పడిందో, మేడ కిటికీలో నిద్రపోతున్న పిల్లి...

సున్నం వేసే మనిషి వచ్చిన రోజు అత్త పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"గోడ పాయె. మీ కండ్లల్ల ఉంది గద, జాలు" అని మాత్రం అంది.

రేణుక చిన్నప్పుడు దానికి అన్నం పెట్టేటప్పుడు కథకు బదులు ఆ గోడే చెప్పేవాణ్ణి. నేను చదివింది ఏడో తరగతి... బొమ్మల గురించి నాకు తెలిసింది అంతే. అది ఇప్పుడు ఆ ఊరేగింపే వేసింది, ముసలాయనతో సహా!

ఈ రోజుల్లో ఫోనులో వేలితో తోసేస్తూ వందల బొమ్మలు చూస్తున్నాం... ఒక్కదాని ముందైనా కూర్చుంటున్నామా? మీరు అలా కూర్చుని చూసిన బొమ్మ ఏదైనా ఉంటే కింద రాయండి, తప్పకుండా చదువుతాను.

ఇంకా చెప్పాల్సినవాళ్లు... కల్మలలో పెద్ద బావకు, కవితాళలో చిన్నాయన కొడుక్కి, గోరేబాళలో రేణుక అత్తగారికి, హైదరాబాదులో మా తోడల్లుడికి... పద్మకు మాత్రం ఫోనులో కాదు, ఇంటికి వెళ్లి చెప్పాలి. ఆ గోడను చూసినవాళ్లలో ఇక మిగిలింది మేమిద్దరమే.