పాత తూము రాళ్లు

1931 వేసవి. సర్కారు చెరువుల పనులు చూసే కమలాపురం సెక్షనులో నేను ఓవర్సీరుని. ఓవర్సీరంటే ఇంజనీరు కాదు, మేస్త్రీ కాదు, ఇద్దరి మధ్యా నలిగేవాడు. ఇంజనీరు కాగితం మీద గీసిన గీతను నేల మీద గీయించడం మా పని. కట్టింది నిలబడితే పేరు పైవాళ్లకి, కూలితే చీవాట్లు మాకు. ఎన్నో చెరువులూ కాలవలూ చూశాను గానీ, నీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదయ్యా అని ఎవరైనా అడిగితే నాకు ఆ ఊరి చెరువే గుర్తొస్తుంది. ఊరి పేరు ఎందుకులెండి, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

చుట్టూ మెట్ట పొలాలు, మధ్యన ఊరు. ఏటి కాలవ ఏదీ లేదు. వాన పడితే చెరువు నిండాలి, చెరువు నిండితే కట్ట కింది మాగాణిలో వరి పండాలి. లేకపోతే ఏడాది పొడుగునా జొన్న సంకటే. ఆ కట్టలో ఎప్పటిదో ఒక రాతి తూము ఉండేది. తూమంటే చెరువు నీళ్లను పొలాలకు వదిలే దారి. దాని రాళ్లు సడలి, మూసినా నీళ్లు కారిపోతుండేవి. ఊరి పెద్ద ఓబుళరెడ్డి ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి, కడప ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి కొత్త తూముకు శాంక్షను, అంటే డబ్బు మంజూరు, సాధించుకున్నాడు. ఆ కబురు నేనే తీసుకుపోయాను. ఆయన సంతోషంతో నాకు ఇంట్లోంచి మజ్జిగ తెప్పించి, తాగేదాకా ఎదురుగా నిలబడ్డాడు.

ఇక్కడ మా శాఖ ఆచారం ఒకటి చెప్పాలి. ఏ పుస్తకంలోనూ ఉండదది. శాంక్షను రాగానే ముందు కట్ట తెగ్గొట్టేయాలి, రాళ్ల సంగతి తర్వాత. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద ఓవర్సీరు చెప్పిన మాట ఇది: "కాగితం మీద ఉన్న పనిని గుమాస్తా కూడా ఆపగలడు. తెగిన కట్టను చూసి ఏ సర్కారూ ఆపలేదు." మేమందరం అదే నమ్మాం. కాబట్టి చెరువు ఎండగానే కట్టను అడుగుదాకా కోయించాను, పాత తూము విప్పించి రాళ్లు ఒడ్డున పేర్పించాను. నీటి వైపు అర్ధచంద్రాకారంలో ఒక చిన్న మట్టికట్ట వేయించాను. దాన్ని రింగు బండు అంటారు. వేసవిలో అడపాదడపా పడే జల్లు కోతలోకి రాకుండా కాస్తుంది, అంతే. అసలు వానకు అది ఒక లెక్క కాదు.

మట్టి పని చేసింది ఊరి బయటి పాలెం వాళ్లు. కట్టకు సరిగ్గా దిగువన వాళ్ల ఇళ్లు, మధ్యలో చిన్న మిషను చర్చి. అందరూ కూలినాలి చేసుకునే క్రైస్తవులు. ఆడవాళ్ల జట్టుకు పెద్ద మార్తమ్మ. గంప ఎత్తితే మాట ఉండదు, దించితే ఆగదు. "కోసేటప్పుడు బాగానే కోయిస్తాండావు సామీ, కుట్టేటప్పుడు గూడా నువ్వే ఉంటావు గదా?" అని నన్ను ఎగతాళి చేసింది ఒకరోజు. నవ్వాను.

కొత్త రాళ్లు ఇంకా గని దగ్గరే ఉన్నాయి. అంతలో సైకిలు మీద ప్యూను వచ్చాడు. మద్రాసు నుంచి ఆర్డరు: ధాన్యం ధరలు పడిపోయాయి, శిస్తులు రావడం లేదు, ఖజానాలో సొమ్ము లేదు, కాబట్టి జరుగుతున్న పనులతో సహా అన్నీ ఎక్కడివక్కడ ఆపేయాలి. రెండుసార్లు చదివాను. జరుగుతున్న పనులతో సహా. మా జీతాల్లో కోత పడినప్పుడు కూడా అంత దెబ్బ తిన్నట్టు అనిపించలేదు.

మర్నాడే కడప వెళ్లి అసిస్టెంటు ఇంజనీరుని కలిశాను. ఆయన కృష్ణా డెల్టా వైపు మనిషి. చెడ్డవాడేం కాదు గానీ, నీళ్లంటే ఆయన దృష్టిలో కాలవలో వాటంతటవే వచ్చేవి.

"కట్ట తెగి ఉంది సార్," అన్నాను.

"తెలుసయ్యా. ఒక్క గంప మట్టికి కూడా డబ్బు లేదు. పైనుంచి ఆర్డరు."

"పోనీ, పాత రాళ్లు వెనక్కి పెట్టించేస్తాను."

"అవి డిస్మాంటిల్డ్ మెటీరియల్." అంటే విప్పదీసిన సామాను, సర్కారు సొత్తన్నమాట. "లెక్క తేలేదాకా ఎవడు ముట్టుకున్నా దొంగతనం కిందే లెక్క."

"మరి వానొస్తే సార్?"

"రాకూడదని కోరుకో," అన్నాడాయన, ఫైలు మూస్తూ. రాయలసీమలో పుట్టిన నాతో, వాన రాకూడదని కోరుకోమన్నాడు. వినకూడని మాట విన్నట్టయింది నాకు. బయటికి వచ్చేశాను.

దారిలో ఒక ఆలోచన తట్టింది. మా జిల్లాల్లో కుడిమరామత్తు అనే పాత పద్ధతి ఉంది. చెరువుకు చిన్నాచితకా మరమ్మత్తులు ఊరివాళ్లే ఒళ్లు వంచి చేసుకోవడం. దానికి సర్కారు డబ్బు అక్కర్లేదు, ఎవరి ఆర్డరూ అడ్డు రాదు. ఊరంతా కలిసి రింగు బండు ఎత్తు పెంచి, వెనక కోతను మట్టితో పూడిస్తే కట్ట నిలుస్తుంది. ఆ మాటే ఓబుళరెడ్డితో చెప్పాను. ఆయన తెగిన కట్ట వైపు చెయ్యి చూపాడు.

"పూడిస్తే తూము యాడుండాది సామీ? చెరువులో నీళ్లు నిలుస్తాయి, మా మడికి చుక్క రాదు."

"రింగు బండు నిలవకపోతే ఆ నీళ్లూ ఉండవు కదప్పా."

"అంతే కాదు. మేమే పూడ్చుకుంటిమనుకో, సర్కారు చేతులు కడుక్కుంటాది. బాగయిపాయె గదా, ఇంగ దుడ్లెందుకు అంటారు. తెగ్గొట్టినోళ్లే వచ్చి పూడ్చల్ల. అందాక ఎవురూ గంప మట్టి గూడా ఎయ్యగూడదని ఊర్లో చెప్పినా."

నేను విస్తుపోయాను. మేము ఏ నమ్మకంతో కట్ట తెగ్గొట్టామో, సరిగ్గా అదే నమ్మకంతో ఆయన దాన్ని తెగినట్టే ఉంచాలనుకుంటున్నాడు. తెగిన కట్టను చూసి సర్కారు ఊరుకోదని. నేను అప్పటికే ఆ నమ్మకం పోగొట్టుకుని వచ్చాను, ఆయన ఇంకా పోగొట్టుకోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వేసవి దాటింది, వానలు దగ్గర పడ్డాయి. కొండల మీద మబ్బు కమ్మిన ఒక ఆదివారం నేను కట్ట మీదికి వెళ్లేసరికి పాలెం పాలెమంతా అక్కడే ఉంది. ఆదివారం వాళ్లు పలుగు పట్టరు, ఎంత కూలి ఇస్తామన్నా పట్టరు. అలాంటిది ప్రార్థన తొందరగా ముగించుకుని, చర్చి నుంచి తిన్నగా గంపలతో వచ్చారు. రింగు బండు మీద మట్టి పడుతోంది.

"ఆదివారం కదమ్మా?" అన్నాను మార్తమ్మతో.

"బాయిలో ఎద్దు పడితే ఆదివారమని ఇడ్సిపెడతామా సామీ? నువ్వు మట్టి యాడ తొక్కాల్నో చెప్పు."

చెప్పాను. పొర పొరకూ ఎలా తడిపి తొక్కాలో పక్కన నిలబడి చెప్పాను. నా ఉద్యోగం ఏమయితే అయిందనుకున్నాను. కాసేపటికి ఓబుళరెడ్డి వచ్చాడు. నన్ను చూడనైనా చూడలేదు.

"ఎవురు ఎయ్యమన్యారు మార్తా మిమ్మల్ని?"

"ఎవురూ అన్లేదు సామీ. కట్ట పోతే నీకు మడి పోతాది. మాకు కొంపలు పోతాయి, పిల్లోళ్లు పోతారు. మడి వచ్చే ఏడు మల్లా పండుతాది."

"కొత్త తూము రాకుండా చేస్తాండారు మీరు. ఊరి నోట్లో మన్ను కొడతాండారు."

"మన్ను కట్ట మీద కొడతాండాం సామీ," అంది ఆమె, గంప ఎత్తుకుంటూ.

ఆయన ముఖం నల్లబడింది. ఇక మీదట తన చేలోకి పాలెం మనిషి ఎవరూ అడుగు పెట్టనక్కర్లేదని చెప్పి వెళ్లిపోయాడు. ఊళ్లో కూలి ఇచ్చేది ఆయనా, ఆయన మాట వినేవాళ్లే. ఒక్క క్షణం గంపలు ఆగాయి. మార్తమ్మ ఆగలేదు కాబట్టి మిగతావాళ్లూ ఆగలేదు. వాన దిగేదాకా రోజూ వచ్చి, వెనక కోతను కూడా పూడ్చేశారు.

ఆ ఏడు వాన గట్టిగానే కొట్టింది. కట్ట నిలిచింది. చెరువు నిండి మరవ పారింది, అంటే మిగులు నీళ్లు పక్కనుంచి పొర్లాయి. పాలెంలో ఒక్క గోడ తడవలేదు. కానీ కట్టకు ఇవతల ఓబుళరెడ్డి మాగాణి నెర్రెలిచ్చి ఉంది. అవతల కళ్ల ముందు సముద్రంలా నీళ్లు. పచ్చి మట్టికి చిన్న గండి పెట్టినా కట్టంతా కొట్టుకుపోతుంది. అంత నిండు చెరువు పక్కన అంత ఎండిన మడిని నేను ఎన్నడూ చూడలేదు, చూస్తాననుకోలేదు.

రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేడు కదా. బావుల దగ్గరి కపిలలు పీకి తెచ్చి కట్ట మీద నాటారు. కపిల అంటే ఎద్దులు లాగితే తోలుబానతో నీళ్లు తోడేది. చెరువులో నీళ్లను చెరువు కట్ట మీదుగా తోడి పోసుకున్నారు. ఎద్దుల మెడలు ఒరుసుకుపోయాయి. పెట్టిన పైరులో కొంచెం దక్కింది, చాలా ఎండింది.

సరిగ్గా అప్పుడే అసిస్టెంటు ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. కట్ట చూశాడు, కపిలలు చూశాడు. ఆయన కంగారు పడతాడనుకున్నాను. ఆయన ముఖం విప్పారింది.

"భేషుగ్గా సర్దుకున్నారే వీళ్లు," అన్నాడు. "ఇక తూము అవసరం ఏముందయ్యా? ఈ పని జాబితాలోంచి తీసేద్దాం."

ఓబుళరెడ్డి ఏ మాట అంటారని భయపడ్డాడో, ఆ మాటే, ఇంచుమించు ఆ మాటల్లోనే. రెడ్డి నా పక్కనే ఉన్నాడు. ఇంజనీరు కారు వెళ్లాక నా వైపు తిరిగాడు.

"ఇంటివా సామీ ఆ మాట? కట్ట తెగిపోయింటే తూము వచ్చిండేది. ఆయమ్మ గంపలు మా కొంప ముంచె."

పాలెం వాళ్లకు ఊళ్లో పని లేక, వేంపల్లె వైపు శనక్కాయ పీకడానికి పోతున్నారని అప్పటికే విన్నాను. మార్తమ్మ కూడా పోయింది. ఊరిని ముంచనివ్వని మనిషి ఊళ్లో కూలి లేక వలస పోయింది. ఇంత అన్యాయం ఎవరి మీద పెట్టి తిట్టాలో కూడా తెలియలేదు నాకు.

కొన్నాళ్లకు పని మీద పక్క సెక్షనులోకి వెళ్లాను. అక్కడ కూడా మాలాగే కట్ట తెగ్గొట్టి, ఆర్డరు రాగానే ఆపేసిన చెరువు ఒకటుంది. అక్కడి రైతులు ఓబుళరెడ్డి చెప్పినట్టే చేశారు. సర్కారు వస్తుందని గంప మట్టి వేయకుండా కూర్చున్నారు. వాన వచ్చింది, కట్ట సగం కొట్టుకుపోయింది, మడి మీద ఇసుక మేట వేసింది. ఇక్కడికైనా తూము వస్తోందా అని అక్కడి ఓవర్సీరుని అడిగాను.

"ఎక్కడి తూము? చెరువే పోయిందిగా. ఇంత పాడైన చెరువుకు ఖర్చు దండగ అని జాబితాలోంచి కొట్టేశారు," అన్నాడతను.

నిలబెట్టుకున్న ఊరికి అక్కర్లేదన్నారు, పోగొట్టుకున్న ఊరికి దండగన్నారు. రెండు దారులూ ఒకే గోతిలోకి పోయాయి. ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా ఓబుళరెడ్డి దగ్గరికి పోయి, చూసింది చూసినట్టు చెప్పాను.

ఆయన "ఆ ఊర్లో కట్ట కింద ఇండ్లు ఉండెనా?" అని మాత్రం అడిగాడు.

"లేవు," అన్నాను.

"మనకు ఉండాయి," అన్నాడు. భుజం మీద గుడ్డ దులిపి, నన్ను రమ్మని కూడా అనకుండా పాలెం దారి పట్టాడు. నేనూ వెనకే నడిచాను. శనక్కాయ పీకుడు అయిపోయి పాలెం వాళ్లు తిరిగి వచ్చారు అప్పటికి. మార్తమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఆయన గుమ్మానికి ఇవతలే నిలబడ్డాడు. ఆ మనిషి అంత దూరం ఎప్పుడూ వచ్చి ఉండడు.

"ఏమమ్మా మార్తమ్మా, గంపలుండాయా?"

ఆమె చేట పక్కన పెట్టింది. "గంపలు యాడికి పోతాయి సామీ. పిలుపే లేకపాయె."

ఇక నా వంతు. పాత తూము రాళ్లు ఒడ్డున ముళ్లకంపల్లో సర్కారు సొత్తుగా పడి ఉన్నాయి. నేను వాటిని అన్‌సర్వీసబుల్ అని, అంటే ఎందుకూ పనికిరానివని రాసి, మోయించే ఖర్చు కూడా గిట్టదని చేర్చి పైకి పంపాను. ఖర్చు లేని మాట కాబట్టి వెంటనే సంతకం అయి వచ్చింది. ఇక ఆ రాళ్లు సర్కారు లెక్కలో లేవు. చెరువు మళ్లీ ఎండిన వేసవిలో ఊరూ పాలెమూ కలిసి కట్ట కోశాయి. ఈసారి రాళ్లు చేతిలో పెట్టుకుని కోశాయి. పనికిరాని రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, సున్నం దట్టించి తూము నిలబెట్టాయి.

వాన వచ్చి చెరువు నిండాక చూడబోయాను. కాలవలో నీళ్లు పారుతున్నాయి, కింద నాట్లు పడుతున్నాయి. నాట్లు వేసేవాళ్లలో పాలెం ఆడవాళ్లు ఉన్నారు. తూము మాత్రం రాళ్ల సందుల్లోంచి మునుపటిలాగే కారుతోంది.

"కారుతోందే రెడ్డీ," అన్నాను.

"కారనీ సామీ," అన్నాడు ఓబుళరెడ్డి. "సర్కారోళ్లు బాగు చెయ్యకముందు ఎట్లుండెనో, కష్టపడి మల్లా అట్ల చేసుకున్యాం."

ఆయన ఎగతాళికి అనలేదు. అందుకే ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ, శాంక్షను పోతుందని ఎవరెంత తొందర పెట్టినా, కొత్త రాళ్లు ఒడ్డుకు చేరేదాకా పాత తూము మీద గడ్డపార పడనివ్వలేదు.