మల్లేశం రాసిన ‘చార్జ్’

కరోనా తగ్గాక వచ్చిన రెండో ఎండాకాలం. గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో నేను డాక్యుమెంటేషన్ చూసేదాన్ని. ప్లాంట్‌లో రాసే ప్రతి లాగ్‌బుక్ నా సంతకం పడ్డాకే రికార్డు రూమ్‌కు వెళ్లేది.

ఆ వారం ఒక బ్యాచ్ మొత్తం పాడైంది. రియాక్టర్ చల్లబడకముందే అందులో పౌడర్ వేశారని పై అధికారులు తేల్చారు. రియాక్టర్ అంటే రసాయనాలు కలిపే పెద్ద పాత్ర. అందులో సరుకు వేయడాన్ని ‘చార్జింగ్’ అంటారు. ఆపరేటర్ మల్లేశం ‘చార్జ్ టేకెన్ 2.10’ అని రాశాడు. అప్పటికి వేడి దిగలేదు. పౌడర్ వేసిన సమయం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పదహారేళ్ల సర్వీసున్న మనిషికి చార్జ్‌షీట్ ఇచ్చారు. ఉద్యోగం పోయినట్టేనని క్యాంటీన్‌లో అందరూ అనుకున్నారు.

జవాబు ఇంగ్లీషులో రాసిపెట్టమని అతను నా దగ్గరికి వచ్చాడు.

“రెండు పదికి నేనేం వెయ్యలే మేడమ్. డ్యూటీ తీసుకున్న, గంతే.”

“మరి చార్జ్ అని ఎందుకు రాసినవన్నా?”

“ముందు షిఫ్టాయన పోయేటప్పుడు ‘చార్జ్ తీస్కో’ అంటడు గద. గదే రాసిన. మొదటి సంది గట్లనే రాస్తున్న. ఆ గడి నింపకపోవుడు మాత్రం నా తప్పే.”

నేను పాత లాగ్‌బుక్‌లు తీయించాను. రెండు రోజులు అదే పని. మేనేజర్‌కు కోపం వచ్చింది.

“నీ పని కాగితాలు చూసుడు. వకాల్తా పట్టుడు కాదమ్మా.”

“కాగితాలే చూస్తున్న సార్.”

రిపేర్ల కోసం ప్లాంట్ మూసిన రోజుల్లోనూ మల్లేశం చేతిరాతలో ‘చార్జ్ టేకెన్’ అని ఉంది. ఆ రోజుల్లో వేయడానికి సరుకే లేదు. స్టోర్స్ స్లిప్ చూస్తే, బ్యాచ్ పాడైన రోజు పౌడర్ డ్రమ్ములు బయటికి వచ్చిందే 2.55కు. అప్పటికి రియాక్టర్ వేడి దిగిపోయింది.

ఇంటికి వెళ్లి నిఘంటువు తెరిచాను. ‘చార్జ్’ పుట్టింది బండిని సూచించే లాటిన్ మాట నుంచి. మొదట్లో దాని అర్థం బండి మీద బరువు ఎక్కించడం. తర్వాత మనిషి మీద మోపే బాధ్యతకూ, నిందకూ, పాత్రలో వేసే సరుకుకూ అదే మాటైంది. ఎంక్వైరీలో ఆ పేజీలు, స్లిప్పు, నిఘంటువు వరసగా టేబుల్ మీద పెట్టి, పౌడర్‌ను పరీక్షించమని పట్టుబట్టాను. అందులో తేమ ఎక్కువుందని, బ్యాచ్ పాడైంది దానివల్లేనని తేలింది. ఖాళీ గడికి హెచ్చరిక ఇచ్చి చార్జ్‌షీట్ రద్దు చేశారు.

“ఇంగ్లీష్ రాక తప్పు రాసిన అనుకున్న మేడమ్,” అన్నాడు మల్లేశం, కళ్లు తుడుచుకుంటూ.

“తప్పు రాయలే అన్నా. నువ్వు సరిగ్గనే రాసినవ్. చదివినోళ్లమే తప్పు చదివినం.”

ఆ ‘చదివినోళ్ల’లో నేనూ ఉన్నాను. పదహారేళ్లుగా అతను రాసిన ఆ మాట కింద ఎన్నోసార్లు అర్థం అడగకుండానే సంతకం పెట్టాను. ఇప్పుడు ఏ పేజీలో అనుమానం వచ్చినా, రాసిన మనిషిని పిలిచి అడిగాకే పెన్ను తీస్తున్నాను.