పొంగిన రబ్బరు

కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటాం. దాని మీద నూలు మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, ఆగాల్సిన చోట ఒక రబ్బరు ముక్కకు గుద్దుకుంటుంది. దాన్ని బఫర్ అంటారు. మా బాపు సూరత్‌లోని ఉధ్నాలో సాంచాలు నడిపినన్నాళ్లూ ఆ పేరు ఇంట్లో అందరి నోళ్లలో నానుతూనే ఉండేది. అరిగిందనో, పగిలిందనో, సేఠ్ కొత్తది తెప్పించడం లేదనో ఏదో ఒకటి. నేను పెరిగి పెద్దయి ఆ ముక్కలే పోతపోసే పనిలో చేరతానని మాత్రం ఎవరూ అనుకోలేదు.

నేను చేసిన వర్క్‌షాపు పాండేసరాలో ఉండేది. మొదటి లాక్‌డౌన్‌లో దాని షట్టర్ దిగింది. మా యజమాని అచ్చులు, తూకం మిషన్, రసాయనం డబ్బాలు ఒక టెంపోలో వేసి మా ఇంటికి పంపి, వీలైనంత అక్కడే చెయ్యమన్నాడు. బమ్రోలిలో మాది రెండు గదుల ఇల్లు. వంటగదిలో పొయ్యి ఉన్న గట్టు మీదే సగం నాకు ఇచ్చారు. వంట నేర్చుకోవే అంటే రబ్బరు వండుతున్నావని బాపు వేళాకోళం చేసేవాడు. చేసేవాడు గానీ, సాంచాలు బందై ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో అచ్చులు తుడిచి ఇచ్చేది కూడా ఆయనే.

పని చూడటానికి తేలికే. రెండు డబ్బాల్లో రెండు ద్రవాలుంటాయి. తూకం వేసి, కలిపి, బుడగలు రాకుండా సన్నటి ధారగా సిలికాన్ అచ్చులో పోయాలి. పోసేటప్పుడు మజ్జిగలా జారుతుంది. మర్నాటికి లారీ టైరంత గట్టిపడుతుంది. దానికి పడనిది ఒక్కటే, నీళ్లు. డబ్బాలో నాలుగు చుక్కలు పడ్డాయంటే చాలు, కలిపిన దాంట్లో గాలి పుట్టి పొంగిపోతుంది. ఇక ఆ ముక్క దేనికీ పనికిరాదు.

అమ్మకు ఇవన్నీ చెప్పాలని అప్పుడు తోచలేదు. ఆమెకు తెలిసింది నూలు. ఊళ్లో మగ్గం ఉన్న రోజుల్లో కొత్త నూలు ఇంటికొస్తే, పసుపునీళ్లు చల్లకుండా కట్ట విప్పేవారు కాదట. సూరత్‌లో నూలు ఇంటికి రాదు కాబట్టి ఆ మర్యాద మిక్సీకి, కుక్కర్‌కు, గోడకు బిగించిన ఫ్యానుకు కూడా దక్కింది. నా డబ్బాలు దిగిన రోజున వాటి మూతల మీద కూడా చల్లింది. మూతలే కదా, నేను గుడ్డతో తుడిచేశాను.

కరోనా రెండో వేవ్‌లో బాపు పోయాడు.

ఆసుపత్రి వాళ్లు దూరం నుంచి చూపించారు. తెల్లటి మూట పొడవు చూసి బాపే అనుకున్నాం. ఊరి నుంచి ఎవరూ రాలేకపోయారు. ఇంటికొచ్చి స్నానాలు చేశాం. మర్నాడు నేను తూకం వేసి, కలిపి, పోతపోశాను. నన్ను చూసి రాతిగుండె అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు, అనుకోనీ. ఏడవకూడదని బిగబట్టింది కాదు. ఏడుపు రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ మనది కానట్టుంటుందే, ఒళ్లంతా అలా ఉండేది.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పెడితే తినేది, పడుకోమంటే పడుకునేది. మాట లేదు. అంతకుముందు ఆమె చేతికి పని లేని పూట నేను చూసి ఎరగను. కూర్చుని టీవీ చూసినా ఒళ్లో చిక్కుడుకాయలుండేవి. ఇప్పుడా చేతులు ఒళ్లో ఊరికే పడి ఉండేవి. ఊరి నుంచి మా మేనత్త ఫోన్ చేసి, ఏడిపించు, ఏడిస్తే తేలికవుతుందని చెప్పింది. ఎలా ఏడిపించాలో మాత్రం చెప్పలేదు. చివర్లో ఇంకో మాట అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"ఏడాది నిండేదాంక ఏ పని మొదలుపెట్టినా మీ అమ్మ చెయ్యి తాకనియ్యకు బిడ్డా. మంచిగుండది."

నేను ఫోన్ పెట్టేశాను. అమ్మ ఒళ్లో ఉన్న చేతులు తీసి కొంగు కింద పెట్టుకుంది. ఆ రోజంతా మేనత్తను మనసులో తిడుతూనే ఉన్నాను. అప్పుడు నాకున్న కోరిక ఒక్కటే. అమ్మ తనంతట తాను లేచి ఏదో ఒకటి చెయ్యాలి. గిన్నె పడేసినా సరే, నన్ను తిట్టినా సరే.

వానలు మొదలయ్యాక, బాపు పని చేసిన సాంచాల సేఠ్ ఒక పగిలిన బఫర్ పట్టుకొచ్చాడు. ఆయన సాంచాలు పాతవి, వాటి ముక్కలు బజారులో దొరకడం మానేశాయి. అచ్చు తీసి కొత్తవి పోసివ్వమన్నాడు. కొత్త డబ్బా సీలు తీసి గట్టు మీద పెట్టి, అచ్చు తయారయ్యాక పోశాను. మర్నాడు అచ్చు విప్పితే లోపల ఇడ్లీ ఉంది. బొటనవేలితో నొక్కితే దిగబడిపోయింది. సూరత్ వానల్ని తిట్టాను. అచ్చుల్ని పొయ్యి పక్కన వెచ్చబెట్టాను, కిటికీ మూశాను, తూకం మిషన్‌ను అనుమానించాను. మళ్లీ ఇడ్లీలే. ఇంకో డబ్బా తెరిచాను, దానిదీ అదే వరస. అమ్మ గోడ దగ్గరే కూర్చుని అవి చెత్తబుట్టలోకి పోవడం చూస్తూ ఉండేది.

ఒక పొద్దున వాన తెరిపి ఇస్తే బట్టలు ఆరేయడానికి డాబా మీదకు వెళ్లి, క్లిప్పులు మరిచిపోయి తిరిగొచ్చాను. అమ్మ గట్టు దగ్గర నిలబడి ఉంది. డబ్బా మూత తీసి ఉంది. ఎడమ చేతిలో స్టీలు గ్లాసు. కుడిచేతి వేళ్లు అందులో ముంచి డబ్బాలోకి చల్లుతోంది. పెదాలు కదులుతున్నాయి.

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కిందటేడు మూత మీద చల్లి ఊరుకున్నందుకే ఇంటికి ఇంత జరిగిందనుకుందో ఏమో, ఈసారి లోపలే చల్లుతోంది. బఫర్లు ఎందుకు పొంగుతున్నాయో తెలిసిపోయింది. బాపు పోయాక అమ్మ తనంతట తాను లేచి చేసిన పని కూడా ఇదే. ఆ చెయ్యి పడినందుకే పాడవుతున్నాయని చెబితే, మేనత్త మాటను నా నోటితో నిజం చేసినట్టే. నీళ్ల వల్లే అని ఎంత విడమర్చినా, ఆమెకు వినిపించేది చెయ్యి అనే మాటే. క్లిప్పులు లేకుండానే డాబా ఎక్కి బట్టలు ఆరేశాను.

చెప్పలేదు. ఇంకా సీలు తియ్యని డబ్బాలో ఉన్నదంతా ఖాళీ నూనె క్యాన్‌లోకి వంపి మంచం కింద, సూట్‌కేసు వెనక దాచాను. పాడైన డబ్బా గట్టు మీదే ఉంచాను. అమ్మ దాంట్లో చల్లేది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు నేను క్యాన్‌లోంచి తీసి పోసేదాన్ని. ముక్కలు బాగా రావడం మొదలైంది.

"వచ్చినయా?" అని అడిగింది ఒకరోజు.

అన్ని నెలల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. బఫర్ చేతిలో పెట్టాను. వేలితో నొక్కి చూసి, నేలకేసి కొట్టి చూసి, తిరిగి ఇచ్చింది. ఆ సాయంత్రం పప్పులో తాలింపు తనే వేసింది. తర్వాత తల దువ్వుకుంది, గిన్నెలు తోమింది. నేను సంతోషించాలి. మోసం చేస్తున్నందుకు బాధైనా పడాలి. రెండూ కలగలేదు. పోత పోస్తూ పోయాను.

ముక్కలన్నీ సేఠ్‌కు ఇచ్చి ఇంటికొచ్చేసరికి ఇల్లు ఊడ్చి తుడిచి ఉంది. మంచం కింద కూడా ఊడ్చింది. గట్టు మీద డబ్బా, పక్కనే నూనె క్యాన్. అమ్మ మళ్లీ గోడ దగ్గర ఉంది. చేతులు కొంగు కింద ఉన్నాయి.

"నా చెయ్యి తాకద్దని దాసిపెట్టినవా బిడ్డా?"

నాకు కోపం వచ్చింది. అమ్మ మీద కాదు. మేనత్త మీద, వాన మీద, ఆ తెల్లటి మూట మీద. నీళ్ల సంగతంతా చెప్పాను. ఆమె మొహం మారలేదు. చెయ్యిపట్టి లేపి గట్టు దగ్గరికి తీసుకొచ్చాను. ప్లాస్టిక్ గ్లాసులో క్యాన్‌లోది పోసి, రెండో ద్రవం కలిపి, కుళాయి కింద నా చెయ్యి తడిపి అందులో విదిలించి బాగా తిప్పాను. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి అది కదిలింది. నురగ లేచి, గ్లాసు నిండి, అంచు దాటి గట్టు మీదకు కారి అక్కడే బిగుసుకుంది.

"నా చెయ్యే గదనే అమ్మా. నీళ్లు ఎవలు పోసినా గిట్లనే పొంగుతది."

అమ్మ ఆ నురగను వేలితో తాకి చూసింది. అర్థమైందని తల ఊపింది. గెలిచాననే అనుకున్నాను.

"జరం ముందుగాల నాకే వచ్చింది గద," అంది. "మామూలు జరమే అనుకున్న. లేసి అన్నం కలిపి మీ బాపుకు నేనే పెట్టిన. గీ చేత్తోనే."

నిజమే. జ్వరం ముందు అమ్మకే వచ్చి రెండు మాత్రలతో తగ్గిపోయింది. బాపుకు నోరు సయించడం లేదంటే ముద్దలు కలిపి పెట్టింది. నేను అక్కడే కూర్చుని అదే కూరతో అన్నం తిన్నాను. ఇన్నాళ్లూ ఆమె మాట్లాడకుండా మోస్తున్నది ఇదన్నమాట. మేనత్త ఫోన్ చెయ్యక ముందే ఆ చేతుల మీద ఆమె తీర్పు ఇచ్చేసుకుంది.

బాపు కార్ఖానాకు పోయాడు, కూరగాయలకు పోయాడు, షేర్ ఆటోలు ఎక్కాడు, ఎక్కడైనా అంటి ఉండొచ్చని చెప్పాను. పిల్లలు చెప్పే కబుర్లకు ఊ కొట్టినట్టు ఊ కొట్టింది. గ్లాసులో కలిపి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. బాపు పోయినప్పుడు రానిదంతా గట్టు పట్టుకుని ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. నా వీపు మీద చెయ్యి వెయ్యబోయి, మళ్లీ వెనక్కి తీసుకోవడం నాకు తెలిసింది.

మొహం కడుక్కుని, పళ్లెంలో అన్నం, పప్పు వేసుకుని వచ్చి ఆమె ముందు కూర్చున్నాను.

"ఆకలైతుంది. కలిపి పెట్టు."

వద్దంది. నువ్వే తినమంది. నేను పళ్లెం ఆమె ఒళ్లో పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. అమ్మ లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కొచ్చింది. వచ్చి కూర్చుని, మళ్లీ లేచి వెళ్లి కడుక్కొచ్చింది. తర్వాత కలపడం మొదలుపెట్టింది, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు. ముద్ద చేసి ఎత్తింది. నా నోటి దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది.

నేను నోరు తెరిచే ఉంచాను.